మా బామ్మర్ది గుండె, నా పేరు మీద

"పట్టుకోండప్పా! ఆయప్పను పట్టుకోండి! ఆయప్ప గుండె నా కాడ ఉంది!"

ఆళ్లగడ్డలో మా బామ్మర్ది ఇంటి వీధిలో ఆ పొద్దు గొంతు చించుకున్నది ఎవురో కాదు, నేనే. ముందర మా బామ్మర్ది మద్దిలేటి, భుజం మీద తువ్వాలు ఎగురుతాంటే మోపెడ్ మీద పారిపోతాండాడు. ఎనకాల నేను. చేతిలో గుండె రిపోర్టు. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. నా ఎనక మా ఇంటామె రమణమ్మ, "పెళ్లింటి పరువంతా పాయ గదయ్యా!" అనుకుంటా ఉరుకుతాంది.

అరుగు మీద కూర్చున్న ఒకాయన లేసి, "ఏం ఎత్తుకపోతాండాడన్నా?" అనె.

"ఆయప్ప ఏం ఎత్తుకపోలేదప్పా! ఆయప్పదే నా కాడ ఉండేది!" అని ఉరుకుతానే చెప్పినా. ఆయన నోరు తెరిచి అట్లే నిలబడిపోయె.

మీరూ నోరు తెరవొద్దు. కూర్చోండి, మొదటి నుంచి చెప్తా. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో వాళ్లు నవ్వినంత మీరు ఎట్లాగూ నవ్వలేరు.

నాది నంద్యాల. పేరు ఓబులేసు. నాకు షుగరు వచ్చి శానా కాలమైంది, ఎంత కాలమంటే దాని మీద ఇప్పుడు కోపం కూడా పోయింది. ఆళ్లగడ్డ మద్దిలేటి నా పెండ్లాం తమ్ముడు. అంతేనా? నా సొంత చెల్లెలు నారాయణమ్మను చేసుకున్నోడు గూడా ఆయప్పే. వాళ్ల పిల్ల మా ఇంటికి, మా పిల్ల వాళ్లింటికి. అంటే మద్దిలేటికి తలనొప్పి వచ్చిందంటే మా ఇంట్లో అక్క ఏడుస్తాది, వాళ్లింట్లో నా చెల్లెలు ఏడుస్తాది, మధ్యలో నేను ఇద్దరి చేతా తిట్లు తింటా. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

మద్దిలేటికీ షుగరే. కానీ ఒప్పుకోడు. "నాకు వచ్చిన మాట నిజమే బావా, కాకరకాయ రసం తాగి తరిమేసినా" అంటాడు. మనిషి చెరుకు గడ మాదిరి సన్నగా ఉంటాడు. పొద్దున్నే చేను దాకా నడిచి వస్తాడు. నా పొట్ట మీద చిన్నగా తట్టి, "గుండెజబ్బులు ఇట్లాంటి ఇండ్లల్లో కాపురం పెడతాయి బావా, నా మాదిరి గుడిసెలోకి రావు" అని ఎగతాళి. నేను మాత్రలు మింగేటప్పుడు పక్కన కూర్చొని, "ఒక్కటి కూడా కింద పడనీకు, కోళ్లు తింటే చచ్చిపోతాయి" అంటాడు. ఇదీ మా బామ్మర్ది.

ఈ మధ్య నాకు అప్పుడప్పుడు గుండె దడదడమంటాంటే నంద్యాలలోనే ఒక గుండె డాక్టరమ్మ కాడికి పోయినా. ఆయమ్మ అన్నీ చూసి, "ఒక పగలు, ఒక రాత్రి మీ గుండె ఎట్లా కొట్టుకుంటాందో పట్టుకునే మిషన్ ఒకటి కడతాం" అనె. మిషన్ ఒక్కటే ఉందంట, మనుషులు వరసలో ఉండారంట. నా వంతు వచ్చిన రోజు చూస్తే ఏముంది? ఆళ్లగడ్డలో మద్దిలేటి కొడుకు పెళ్లి ముగిసిన మరుసటి రోజు. వసంతాల రోజు!

వద్దనుకుంటే మళ్లీ వంతు ఎప్పుడో. "సరే, కట్టేయండి" అన్నా. టెక్నీషియన్ నా రొమ్ము మీద అక్కడక్కడా గొరిగె. గొర్రె మేసిన చేను మాదిరి అయిపాయ. బిళ్లలు అతికించి, వాటికి రంగురంగుల వైర్లు తగిలించి, నడుముకు చిన్న డబ్బా కట్టె.

"నీళ్లు తగలకూడదు. తీయకూడదు. మిగతా మీరు మామూలుగా ఏం చేస్తారో అవన్నీ చేయండి" అని చెప్పె.

"మామూలుగా ఏం చేస్తారో" అన్న మాట నాకు బాగా నచ్చింది. పెళ్లింట్లో వసంతం ఆడటం నాకు మామూలే గదా!

తెలియనోళ్లకు చెప్తా. పసుపులో సున్నం కలిపితే నీళ్లు ఎర్రగా అయితాయి. పెళ్లి మరుసటి రోజు ఆ నీళ్లు డ్రమ్ములకు డ్రమ్ములు కలిపి, వియ్యాలవారు, బావలు, వదినలు ఒకరి మీద ఒకరు పోసుకుంటారు. వరసైనోడు తడవకుండా మిగిలినాడంటే వాడిని ఎవురూ లెక్కలోకి తీసుకోలేదని అర్థం. తడిసినోడు స్నానం చేసి పొడిగుడ్డ కట్టుకున్నాడంటే మళ్లీ వాని జోలికి పోకూడదు. అది కట్టుబాటు.

నేను, రమణమ్మ ఆళ్లగడ్డలో బస్సు దిగి ఇంటికి పోయేసరికే వీధంతా ఎర్రగా ఉంది. పెళ్లికూతురు మేనత్త, నాకు వియ్యపురాలి వరస, బిందె పట్టుకొని గడపలోనే నిలబడింది. "అన్నా, మీ కోసమే చూస్తాండాం. అత్తర్లు గూడా కలిపినాం" అనె.

"ఒక్క నిమిషమమ్మా, బాత్రూముకు పోయొస్తా" అని సామాన్ల గదిలోకి దూరినా.

అందులో మద్దిలేటి ఉండాడు. పెళ్లికొడుకు నాయన గదా, పొద్దున్నే నిండా ముంచినారంట. స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకొని, బియ్యం మూటల మధ్యన రాజు మాదిరి కూర్చున్నాడు. ఆయప్పను ఇంక ఎవురూ తడపరు. నాకు బుర్రలో లైటు వెలిగింది. ఆ లైటు అప్పుడే మాడిపోయి ఉంటే ఎంత బాగుండు!

"మద్దిలేటీ, చొక్కా విప్పు."

"ఏందీ?"

"ఈ మిషన్ కొంచెం సేపు నువ్వు కట్టుకో. ఆగిపోతే డాక్టరమ్మ తిడతాది. నేను తడిసి, స్నానం చేసి, వచ్చి తీసుకుంటా."

"నీ రిపోర్టులో నా గుండె పడదా బావా?"

"పడితే పడనీలేప్పా. గుండె గుండే గదా! దానికి ఆగకుండా ఏదో ఒకటి కొట్టుకుంటాంటే సరి."

మద్దిలేటి నవ్వి, "మంచిదేలే. నా గుండె కొంచెం సేపు తగిలితే నీ రిపోర్టు బాగుపడుతాది" అని రొమ్ము చూపించె.

బోరు మోటర్లకు స్టార్టర్లు బిగించిన చేతులివి. ఎర్ర వైరు యాడ, తెల్ల వైరు యాడ అని గోడకుండే అద్దంలో నా రొమ్ము చూసుకుంటా ఆయప్ప రొమ్ము మీద పెట్టుకుంటా పోయినా. అద్దంలో కుడి ఎడమ అయితాదని నాకు అప్పుడు తోచనే లేదు. బిళ్లల జిగురు పోయింటే, పెళ్లికి లైట్లు కట్టినోళ్లు వదిలిపెట్టిన నల్ల టేపు కనిపించె. కరెంటు వైర్లకు చుట్టే టేపు. దాంతో బాగా అతికించినా.

"ఫేజు తప్పలేదు గదా బావా?"

"నువ్వు కదలకుండా కూర్చో, మోటరు కాలిపోదు."

ఇంక చూడండి నా సంబరం! బయటికి పోయి చేతులు చాపి నిలబడినా. ఆ ఆడోళ్లు నన్ను తడిపినారా? కాదప్పా, ఉతికినారు. నేను గూడా ఊరుకోలే, వియ్యపురాలి మీద డ్రమ్ము వంచినా. రమణమ్మ మిద్దె మీద నుంచి, "మిషన్! ఏమయ్యా, మిషన్!" అని అరుస్తాంటే, "దాన్ని దాచిపెట్టినాలే!" అని చెయ్యి ఊపినా.

స్నానం చేసి పోయి చూస్తే మద్దిలేటి బియ్యం మూటల మీద నిద్రపోతాండాడు, పొట్ట మీద డబ్బా పెట్టుకొని. లేపి, టేపు పీకి, మళ్లీ నాకు అతికించుకున్నా. సాయంత్రం బస్సుకు నంద్యాల చేరుకున్నాం.

మరుసటి పొద్దున ఆసుపత్రిలో టెక్నీషియన్ నా చొక్కా గుండీలు తీసి నల్ల టేపు చూసి, "ఇదేంది?" అనె. "చెమటకు ఊడిపోతాంటే నేనే అతికించినాలే" అన్నా. పీకేటప్పుడు మిగిలిన ఆ కొంచెం బొచ్చు గూడా టేపుతో పాటే పోయింది. అప్పుడు అరిచిన అరుపుకు బయట వరసలో కూర్చున్న ఒకాయన లేసి ఇంటికి పోయినాడంట.

డాక్టరమ్మ కంప్యూటర్‌లో చూసి చూసి, నన్నూ రమణమ్మనూ లోపలికి పిలిచె. ముఖంలో నవ్వు లేదు.

"నిన్న మధ్యాహ్నం మీకు ఏమైనా అనిపించిందా? కళ్లు తిరగడం, ఆయాసం?"

"ఏం లేదమ్మా. బ్రహ్మాండంగా ఉంటి."

"ఆ టైములో మీ గుండె లయ తప్పింది. పైగదులు సరిగ్గా కొట్టుకోకుండా వణికినాయి. అట్లా వణికినప్పుడు లోపల రక్తం గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. రక్తం గడ్డ కట్టకుండా ఈరోజే మందు మొదలుపెట్టాలి."

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుపు మొదలుపెట్టె. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెళ్లైనప్పటి నుంచి అంత గట్టిగా పట్టుకోలేదు. నిజం చెప్తాండా, ఒక్క నిమిషం నాకు భలే బాగుండె.

తర్వాత గుర్తుకొచ్చింది. మధ్యాహ్నం. సామాన్ల గది. బియ్యం మూటలు.

"అమ్మా... ఆ గుండె నాది కాదు."

"అంటే?"

"మా బామ్మర్దిది."

రమణమ్మ ఏడుపు ఆగిపాయ. ఆయమ్మ నా చెయ్యి వదిలిపెట్టి, "నా తమ్ముడిదా?" అని, ఇంతకు ముందు కంటే రెండింతలు గొంతెత్తి మళ్లీ మొదలుపెట్టె. మొగుని కోసం ఏడ్చిన ఏడుపు ఎంతో, తమ్ముని కోసం ఏడ్చేది ఎంతో నాకు ఆ పొద్దు బాగా తెలిసొచ్చింది. మధ్యమధ్యలో నా వీపు మీద దెబ్బలు.

నేను ఆశగా, "వైర్లు తప్పు తగిలించి ఉంటానమ్మా. అద్దంలో చూసి పెట్టినా" అన్నా.

డాక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకొని, "వైర్లు తారుమారైతే గీతలు తలకిందులు అవుతాయి. కొట్టుకునే వరస తప్పదు. ఆయనకు షుగరుందా?" అనె.

"ఉందమ్మా. లేదంటాడు."

"బీపీ?"

"ఎప్పుడూ చూపించుకోలేదు."

"ఇక్కడ కూర్చోకండి. పోండి, ఆయన్ను పిలుచుకురండి. ఇప్పుడే."

ఫోన్ చేస్తే మద్దిలేటి నవ్వినాడు. "నీ గుండెజబ్బు నా మీదికి తోస్తాండావా బావా? కొత్త కోడలు వచ్చిన ఇల్లు ఇది, ఇట్లాంటి మాటలు ఎత్తొద్దు" అని పెట్టేసినాడు. ఇంక తీయలే. కారు మాట్లాడుకొని ఆళ్లగడ్డకు ఉరికినాం. దారి పొడవునా రమణమ్మ నాతో మాట్లాడలే, డ్రైవరుతో నా గురించి మాట్లాడె.

మమ్మల్ని చూసిన మద్దిలేటి మోపెడ్ ఎక్కి పారిపాయ. మీరు మొదట్లో చూసింది అదే.

ఆయప్పను ఆపింది నేను గాదు. వీధి మలుపులో మా వియ్యపురాలు, పెళ్లికూతురు మేనత్త, ఊరికి పోతా చేతిలో సంచితో నిలబడింది. "పట్టుకోండి" అని నా కేక వినపడేసరికి ఏమనుకుందో ఏమో, సంచి పక్కన పెట్టి, రెండు చేతులూ చాపి రోడ్డుకు అడ్డం నిలబడె. మద్దిలేటి బ్రేకు తొక్కినాడు. మోపెడ్ పోయి ఇసుక కుప్పలో కూర్చుంది. ఆయప్ప పక్కన కూర్చున్నాడు. దెబ్బ తగల్లేదు.

నేను రొప్పుకుంటా పోయి పక్కన కూలబడినా. ఇద్దరం ఇసుకలో.

"ఎందుకు పారిపోతివప్పా? నాతో ఆసుపత్రికి రానీకి ఏం పోయె?"

"నాకేం లేదు బావా. నొప్పి లేదు. ఆయాసం లేదు. లావు లేను. ఏమీ లేనోణ్ని ఎందుకు తీసకపోతావ్?"

"ఏమీ లేనోనివి ఎందుకు పారిపోతివి మరి?"

ఆయప్ప ఇసుక చేతిలోకి తీసుకొని, వదిలిపెట్టి, మళ్లీ తీసుకొని... తర్వాత మెల్లగా, "పెళ్లి పత్రికలు పంచనీకి బండి ఆత్మకూరు ఊరికి పోయినప్పుడు, ఒకరింట్లో టీ ఇచ్చిరి. కుడి చేతిలో గ్లాసు నిలబడలేదు బావా. జారిపాయ. మాట గూడా ముద్దగా వచ్చె. కొంచెం సేపటికి సర్దుకుంది. ఎండదెబ్బ అనుకున్నా" అనె.

"నారాయణమ్మకు చెప్పినావా?"

"చెప్తే పెళ్లి వాయిదా వేస్తాది. ఎవురికీ చెప్పలే."

ఎనకాల చూస్తే నా చెల్లెలు. ఎప్పుడు వచ్చిందో, అంతా విన్నది. ఆయమ్మ ఏడవలే, అరవలే. మద్దిలేటి తువ్వాలు తీసి, ఆయప్ప తల మీద ఇసుక దులిపి, "లెయ్యి. కారెక్కు" అనె. అంతే. నేను, కారు, రిపోర్టు, ఊరంతా కలిసి చేయలేని పని రెండు మాటలతో అయిపాయ.

నంద్యాలలో డాక్టరమ్మ ఆయప్పను ఒక రాత్రి ఉంచుకునె. ఈసీజీలో గుండె మళ్లీ అదే వణుకు. బీపీ చూసిన నర్సు రెండోసారి చూసె. షుగరు సంగతి చెప్పొద్దు, కాకర రసానికి అది భయపడినట్టు లేదు. తలకు స్కాన్ తీసినారు. దేవుని దయ, పెద్దగా ఏం జరగలేదు.

"చెయ్యి జారినప్పుడే రావాల్సింది" అని డాక్టరమ్మ చెప్పె. "అది పక్షవాతం తలుపు తట్టి పోయినట్టు. సర్దుకుంది గదా అని కూర్చుంటే మళ్లీ వచ్చేటప్పుడు తట్టకుండా లోపలికి వస్తుంది."

మద్దిలేటి చిన్నగా, "నొప్పి ఏం లేకపాయ గదమ్మా" అనె.

"షుగరు చాలా కాలం ఉంటే నరాలు మొద్దుబారతాయి. గుండెపోటు కూడా నొప్పి లేకుండా రావొచ్చు. సన్నగా ఉన్నారా లావుగా ఉన్నారా అని అది చూడదు. షుగరు ఒక్కటి చూసుకుంటే చాలదు. బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ, గుండె, అన్నీ చూపించుకోవాల."

రక్తం గడ్డ కట్టకుండా ఒకటి, బీపీకి ఒకటి, షుగరుకు, కొలెస్ట్రాల్‌కు... మాత్రలు వరసగా రాసె. మద్దిలేటి చీటీ చూసి, "నా కొలెస్ట్రాల్ బాగుందంటిరి గదమ్మా, దానికి గూడా మాత్ర ఎందుకు?" అనె. ఇదే మాట నేను ఎన్నోసార్లు అడిగి తిట్లు తిన్నా. కాబట్టి డాక్టరమ్మ నోరు తెరిచే లోపల నేనే చెప్పినా: "అది అంకె కోసం కాదప్పా, రక్తనాళాల కోసం. షుగరోళ్లకు అంకె బాగున్నా లోపల పాడైతాంటాయి."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఇంత తెలిసినాయన మిషన్ తీసుకపోయి ఇంకొకరికి ఎట్లా కట్టినారు?" అనె. "మీ రిపోర్టు సగమే ఉంది. ఈరోజు మిషన్ ఖాళీగా ఉంది, మళ్లీ కట్టించుకోండి. ఈసారి ఇంకెవరికైనా తగిలిస్తే చెప్తా మీ పని."

టెక్నీషియన్ గొరిగేదానికి కత్తి తీసినాడు గానీ, గొరగనీకి ఏమీ మిగల్లేదు.

మరుసటి రోజు సాయంత్రం అందరం ఆళ్లగడ్డకే పోయినాం. మద్దిలేటి కారు దిగి తానే నడుచుకుంటా లోపలికి వచ్చె. నడి ఇంట్లో నారాయణమ్మ ఒకటే పెద్ద చాప పరిచి, అందరికీ ఒకే వంట పెట్టె. నిమ్మకాయంత సంగటి ముద్ద, చెట్టు చిక్కుడుకాయ కూర, ఆకుకూర పప్పు, మజ్జిగ. ఉప్పు తక్కువ, నూనె ఇంకా తక్కువ.

పెళ్లికొడుకు తట్టలోని సంగటి వైపు చూసి, "వాళ్లిద్దరికీ జబ్బైతే మాకెందుకమ్మా ఇది?" అనె.

"వాళ్లిద్దరి రక్తమే గదరా నీలో ఉండేది? తిను" అనె వాళ్లమ్మ.

మద్దిలేటి మాత్ర చేతిలో పట్టుకొని కొంచెం సేపు చూసినాడు. అందరూ ఆయప్పనే చూస్తాండారు. నేను మాత్రం నేల చూపులు చూస్తాండా. ఆయప్ప మింగి, నీళ్లు తాగి, "కూర్చో బావా, ఎంతసేపు నిలబడతావ్" అని పక్కన చోటు చూపించె. వైర్లు సర్దుకుంటా కూర్చున్నా.

కొత్త కోడలు ఇంటికొచ్చినప్పటి నుంచి మాతో ఒక్క మాట మాట్లాడలే. ఇప్పుడు పప్పు వడ్డిస్తా, తల వంచుకొని మెల్లగా, "పెదమామా, మిషన్ మార్చకపోయింటే మామకు ఇట్లా ఉందని తెలిసేదే కాదు గదా? మీరు బతికించినట్టే గదా?" అనె.

నా రొమ్ము పొంగింది. బిళ్లలు ఊడిపోతాయేమో అన్నంత పొంగింది. జవాబు చెప్పనీకి గొంతు సవరించుకుంటాంటే రమణమ్మ అందుకుంది: "బతికించింది యాడిది తల్లీ? మీ పెదమామ నీళ్లలో ఆడుకునే దానికి పోయినాడు, అంతే. మీ మామ గుండెకు మందు దొరికింది. ఈయప్ప బుర్రకు ఏమన్నా ఉందేమోనని డాక్టరమ్మను అడిగినా. దానికి మిషన్ ఇంకా రాలేదంట."

అందరూ నవ్విరి. మద్దిలేటి అందరి కంటే గట్టిగా నవ్వె. ఆ నవ్వు వినపడినాక నాకు ఏం జవాబు చెప్పబుద్ధి కాలే. సంగటి ముద్ద అంతా ఒకేసారి నోట్లో పెట్టుకున్నా. నోరు నిండినోడు ఎవురికీ సమాధానం చెప్పే పని లేదు గదా.